పదిహేడో బ్యాచ్

అచ్యుతాపురం సెజ్‌లో లారీల పొగగొట్టాలకు ఫిల్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో పరీక్షల గదిలో, కిటికీ లేని గోడ పక్కన, వంచి విరిచే యంత్రం ముందు కూర్చునే మనిషి చిలకమ్మ. వయసు నలభై ఒకటి. పదో తరగతి పాసైంది. ఆమె పని ఏమిటో చెప్పడం తేలిక. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పింగాణి పుల్లలు విరవడం.

లారీ డీజిల్ పొగలో మసి ఉంటుంది. ఆ మసి గాల్లో కలవకుండా పట్టి ఉంచేది ఫిల్టరు. చూడడానికి బకెట్టంత పింగాణి దిమ్మ, దాని నిండా తేనెపట్టు గదుల్లా సన్నని గొట్టాలు. లారీ కింద అది ఎర్రగా కాలుతుంది, వానకు చప్పున చల్లారుతుంది, గోతుల్లో ఎగిరెగిరి పడుతుంది. అన్నిటినీ తట్టుకోవాలి. తట్టుకుంటుందో లేదో ముందే తెలుసుకోవడానికి అదే ముడిసరుకుతో, అదే బట్టీలో, వేలెడేసి పుల్లల్ని కూడా కాల్చి, కొలతకు కోసి పరీక్షల గదికి పంపుతారు. చిలకమ్మ ఒక్కో పుల్లను రెండు ఇనుప దిమ్మల మీద వంతెనలా ఆనిస్తుంది. పైనుంచి మూడో దిమ్మ మెల్లగా దిగి పుల్ల నడుం మీద నొక్కుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక గీత పైకి ఎక్కుతూ ఉంటుంది. పుల్ల పగలగానే గీత కిందికి జారుతుంది. అప్పుడామె ఎర్ర బటన్ నొక్కి యంత్రం ఆపి, గీత ఎంత ఎత్తుకు వెళ్ళిందో పుస్తకంలో రాసి, ముక్కల్ని డబ్బాలో పడేసి, ఇంకో పుల్ల పెడుతుంది. రోజుకు అరవై పుల్లలు.

ఈ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. ఆమె భర్త తవిటయ్య ఆ ఫ్యాక్టరీలోనే బట్టీ దగ్గర పనిచేసేవాడు. వాళ్ళ రెండెకరాల జీడితోట సెజ్‌లో కలిసిపోయాక, మొదట్లో అక్కడే కాంక్రీటు మోసి, తర్వాత గేటు దగ్గర కాపలా కాసి, చివరికి బట్టీ పని నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్ళు చేశాడు. ఒక నవంబరు చివర్లో, బుధవారం పొద్దున్న, మొదటి షిఫ్టు బస్సు కోసం కూడలిలో నిలబడి ఉండగా గుండె పట్టేసి కూలిపోయాడు. క్యారేజీ చేతిలోనే ఉంది. మూత కూడా ఊడలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు చిలకమ్మ ఆయన చొక్కా జేబుకున్న పెన్ను వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. కూర్చోమంటే కూర్చుంది, లేవమంటే లేచింది. గాజులు తీసేటప్పుడు చేతులు చాచింది. ఏడుపు మాత్రం రాలేదు. పునరావాస కాలనీలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో వినబడుతుంది. అక్కడి ఆడవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత ఆశ్చర్యపోయారు, ఆ తర్వాత గుసగుసలాడుకున్నారు.

"ఒక్క సుక్క రాల్లేదు సూడు. రాయయిపోనాది."

ఆ మాట చిలకమ్మ చెవినపడింది. పడినా ఏమీ అనిపించలేదు. స్నానం చేసినప్పుడు చెవిలో నీళ్ళు నిలిచిపోతే బయటి మాటలు ఎలా వినిపిస్తాయో, ఆమెకిప్పుడు అన్నీ అలాగే ఉన్నాయి. దుఃఖమంటే ఇదేనా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది. నొప్పి ఉండాలి కదా. నొప్పి ఎక్కడా లేదు.

పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్త వెంకటరమణమ్మ. ఆ ముసలామె రెండు కళ్ళకూ శుక్లాలు. కొడుకు పోయిన మూడు నెలలూ ఊళ్ళో అందరి బదులూ తనే ఏడ్చింది. కోడల్ని మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. అయిదో నెలలో కంపెనీవాళ్ళు కబురుపెట్టి, తవిటయ్య బదులు ఎవరైనా వస్తామంటే పరీక్షల గదిలో ఖాళీ ఉందన్నారు.

"ఎల్తావేటి?" అని అడిగింది వెంకటరమణమ్మ.

"ఎల్తాను."

"ఆ బస్సే ఎక్కాల. ఆ కూడలి కాడే."

"ఎక్కడైతే ఏటి అత్తా," అంది చిలకమ్మ.

అలా చేరింది. ఆ గది ఆమెకు నచ్చిందని అనలేం. నచ్చడం, నచ్చకపోవడం ఆమెలో ఆగిపోయి చాలా రోజులైంది. అక్కడ ఎవరూ మాట్లాడరు, అంతే. పుల్ల పెట్టడం, గీత ఎక్కడం, టక్‌మని విరగడం, బటన్ నొక్కడం. యంత్రం నొక్కేది ఒకటిన్నర నిమిషమే, కొలవడం, రాయడం, తుడవడం కలిపి ఒక్కో పుల్లకు ఏడెనిమిది నిమిషాలు.

ఫ్యాక్టరీలో అప్పటికి రెండు రకాల ఫిల్టర్లున్నాయి. మామూలు రకం పిండిలా మెత్తని ముడిసరుకుతో చేసి కాల్చినది. గట్టిగా ఉంటుంది, విరిగితే గాజులా రెండు ముక్కలవుతుంది. రెండోది పీచు రకం. ఇది కొత్తది. వెంట్రుకల్లాంటి సన్నని పింగాణి పోగుల్ని జిగురుతో కలిపి, దిమ్మగా పోసి కాలుస్తారు. లోపల నూటికి డెబ్భై వంతులు ఖాళీయే. చేత్తో పట్టుకుంటే బరువుండదు. పొగ సులువుగా పోతుంది, మసి ఎక్కువ పడుతుంది. చిక్కల్లా ఒక్కటే. పరీక్షలో పీచు పుల్ల గీత సగం ఎత్తుకే వెళ్ళి జారిపోయేది. కొనేవాళ్ళ కాగితం ప్రకారం గీత పన్నెండు దాటాలి. పీచు పుల్లలు ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఆగిపోయేవి.

ఇరవై బ్యాచ్‌లు కాల్చాక కొత్తగా కాల్చడం ఆపేశారు. కొనేవాళ్ళు కొలతలు మారుస్తారేమోనని, కాల్చిన దిమ్మల్ని కొద్దికొద్దిగా కోయిస్తూ ఏడాది పైగా అరల్లో పెట్టి ఉంచారు. కొలతలు మారలేదు. చిలకమ్మ చేరిన మరుసటి ఏడాది జనవరిలో క్వాలిటీ మేనేజర్ ఉదయ్‌కుమార్ ఒక ఆర్డరు వేశాడు. మిగిలిన పీచు పుల్లలన్నిటినీ ఆఖరుసారి పరీక్షించి, లెక్క రాసి, దిమ్మల్ని శనివారం నాటికి పిండి కొట్టించెయ్యాలి. పీచు దిమ్మల్ని కోసే విభాగంలో ఎనిమిది మంది ఆడవాళ్ళు కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. వాళ్ళను నెలాఖరు నుంచి రావద్దన్నారు. చిలకమ్మతో బస్సులో వచ్చే నాగమణి ఆ ఎనిమిది మందిలో ఒకతె.

మంగళవారం మధ్యాహ్నం, అన్నాలు తిని వచ్చాక, చిలకమ్మ పదిహేడో బ్యాచ్ పుల్లలు మొదలుపెట్టింది. తొమ్మిదో పుల్ల పెట్టింది. గీత ఎక్కింది. ఎనిమిది దగ్గర తడబడి జారింది.

ఆమె బటన్ నొక్కలేదు.

అప్పుడామె తవిటయ్య గురించి ఆలోచించడం లేదు. ఎవరి గురించీ ఆలోచించడం లేదు. బల్ల మీదున్న తన చెయ్యిని చూస్తోంది. ఆ చెయ్యి ఎవరిదోలా ఉంది. యంత్రం తన మానాన తను నొక్కుతూనే ఉంది.

కోసిన పుల్లల ట్రే తీసుకుని నాగమణి లోపలికొచ్చింది.

"ఏటే సిలకా, మిసను ఒగ్గేసినావు?"

చిలకమ్మ తల తిప్పి తెర చూసింది. పదకొండు నిమిషాలు గడిచాయి. జారిన గీత నేలకు దిగలేదు. కొంచెం జారి, అక్కడే నిలదొక్కుకుని, సన్నగా వాలుతూ తెర అంచుదాకా సాగిపోయింది. అలాంటి గీత ఆమె ఎప్పుడూ చూడలేదు. యంత్రం ఆపి పుల్లను బయటికి తీసింది. పుల్ల వంగి ఉంది. కింద పగులు సగం పైదాకా పోయింది. కానీ రెండు ముక్కలు కాలేదు. చేత్తో విడదీయబోతే రాలేదు. పగులు సందులో తెల్లటి పోగులు అటూ ఇటూ పట్టుకుని ఉన్నాయి. గట్టిగా లాగితే ఒక్కో పోగే తెగుతూ వచ్చింది.

"పడీ, ఎవలు సూస్తారు," అంది నాగమణి.

చిలకమ్మ పారెయ్యలేదు. పెద్ద నిజాయితీ అనుకుని కాదు. అబద్ధం రాయడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఆమెకు లేదు. పుస్తకంలో తొమ్మిదో పుల్ల ఎదురుగా "ఆపడం మర్చిపోయాను" అని రాసి, పదో పుల్ల పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఉదయ్‌కుమార్ పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడిట్‌వాళ్ళు ఎప్పుడొచ్చి ఏ కాగితం అడుగుతారోనని నిత్యం భయంతో బతికే మనిషి.

"ఏమిటమ్మా ఇది? మర్చిపోయానని ఎవరైనా పుస్తకంలో రాస్తారా? ఆ పరీక్ష చెల్లదు. మెమో ఇవ్వక తప్పదు నాకు."

"ఇవ్వండి," అంది చిలకమ్మ.

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. బతిమాలుతుందనుకున్నాడు.

మెమో టైపు అవుతుండగానే ఆ పుస్తకం ఇంద్రజ చేతికి వెళ్ళింది. ఇంద్రజ ఆ గదికి ఇంజనీరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడిన కుటుంబం. తండ్రి స్టీల్‌ప్లాంటులోనే రిటైరయ్యాడు. ఆమె "ఆపడం మర్చిపోయాను" చదివి నవ్వుకుని, కంప్యూటర్‌లో తొమ్మిదో పుల్ల గీత తెరిచింది. తెరిచాక నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూసి, కుర్చీ లాక్కుని చిలకమ్మ పక్కకొచ్చి కూర్చుంది.

"చిలకమ్మగారూ, మళ్ళీ మర్చిపోగలరా?"

చిలకమ్మకు అర్థం కాలేదు.

"మళ్ళీ అలాగే చెయ్యండి. గీత జారినా ఆపకండి. ఇరవై పుల్లలకు. మెమో సంగతి నేను చూసుకుంటాను."

రెండు రోజులు అదే పని. మామూలు రకం పుల్లలు టక్‌మని విరిగి అక్కడితో అయిపోయాయి. జారాక కూడా సాగే తోకంటూ వాటి గీతకు లేదు. పీచు పుల్లలన్నిటికీ తోక వచ్చింది. పగలడం తొందరగానే పగులుతున్నాయి, కానీ విరగడం లేదు. పగులు కొంతదూరం పోయి పోగుల్లో చిక్కుకుంటోంది. ఇంకా ముందుకు పోవాలంటే ఒక్కో పోగునూ తెంచుకుంటూ పోవాలి. ఇన్నాళ్ళూ గీత జారగానే యంత్రం ఆపేస్తూ రావడం వల్ల ఇది ఎవరికీ కనబడలేదు.

ఇంద్రజ కాగితాలు పట్టుకుని ఉదయ్‌కుమార్ గదికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. చిలకమ్మ బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్నది.

"పగిలింది పగిలినట్టే కదమ్మా. కస్టమర్ అడిగింది ఎంత బరువుకు పగులుతుందని. పగిలాక ఏమవుతుందని కాదు."

"లారీలో ఏ ఫిల్టరైనా ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది సార్. ఆ వేడికీ చలికీ పగలకుండా ఉండదు. పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పోతే మసంతా బయటికొస్తుంది. మధ్యలో ఆగిపోతే ఫిల్టరు ఫిల్టరుగానే ఉంటుంది. మనం కొలవాల్సింది అది."

"నాకు అర్థమైంది. కాగితానికి అర్థం కావాలిగా."

"ఒక్క లారీ ఇప్పించండి. ఒక్క దిమ్మ పెట్టి చూద్దాం."

ఉదయ్‌కుమార్ ఆ కాగితాలు మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. "ఒక్కటే. శనివారం మిగతావి పిండి కొట్టడం ఆపిస్తాను. ఆ లారీ దిమ్మ పోతే, ఇంక ఈ మాట ఎత్తొద్దు," అన్నాడు.

ఏ బ్యాచ్ దిమ్మ పెట్టాలి అన్నది తర్వాతి ప్రశ్న. గీతలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పదిహేడో బ్యాచ్ తోకలు మిగతా వాటికంటే రెట్టింపు పొడవున్నాయి. ముడిసరుకు అదే, జిగురు అదే. ఎందుకో ఇంద్రజకు అంతుపట్టలేదు. రికార్డు గది నుంచి పదహారు, పదిహేడు, పద్దెనిమిది బ్యాచ్‌ల బట్టీ కాగితాలు తెప్పించింది. ప్రతి అరగంటకూ బట్టీ వేడి ఎంతుందో కార్మికుడు చేత్తో రాసే కాగితాలవి.

"ఇవి చదివిపెట్టండి, నేను ఎక్కించుకుంటాను," అని చిలకమ్మ చేతికిచ్చింది.

చిలకమ్మ పదహారు చదివింది. పదిహేడు తీసింది. మొదటి అంకె చదివి ఆగింది. రెండో అంకె చదివింది. ఏడు అంకెను అడ్డగీతతో రాయడం, సున్నాను పైన మూయకపోవడం.

"ఇది మా ఆయన రాతండి," అంది.

ఇంద్రజ కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. తేదీ చూసింది. ఇరవై ఎనిమిదో తారీకు, మంగళవారం. తవిటయ్య పోయింది ఇరవై తొమ్మిదిన.

"వద్దులెండి. నేను చదువుకుంటాను."

"పరవాలేదు మేడమ్," అంటూ చిలకమ్మ మామూలు గొంతుతో చివరిదాకా చదివింది. చివర, ఇంకేమైనా ఉంటే రాయవలసిన గడిలో, చిన్న అక్షరాలతో ఇలా ఉంది. "తుఫాను గాలి ఎక్కువ. షట్టరు సందుల్లోంచి చల్లగాలి కొడుతోంది. దిమ్మలు పగుల్తాయని చల్లార్చడం రెండు గంటలు పెంచాను. ఉండి చూసుకున్నాను." కింద సంతకం. సమయం నాలుగూ అయిదు నిమిషాలు.

"అదే కారణం," అంది ఇంద్రజ మెల్లగా. "తొందరగా చల్లారిస్తే పోగులు అతుక్కున్న చోట లోపలే సన్నని బీటలు పడతాయి. ఈయన నెమ్మదిగా దించారు. పోగులన్నీ దిటవుగా ఉన్నాయి." కాగితం కింద రాసిన సమయం మీద వేలు పెట్టి, "షిఫ్టు రెండుకే అయిపోతుంది కదా?" అని అడిగింది.

"అవునండి. రెండుకే."

ఆ సాయంత్రం బస్సులో చిలకమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఆ మంగళవారం ఆమెకు బాగా గుర్తుంది. మర్చిపోయింది కాదు, ముట్టుకోకుండా పక్కన పెట్టింది. అనకాపల్లికి నెలకోసారి వచ్చే కంటి డాక్టరుకు అత్తను చూపించాలని ఆ రోజు అనుకున్నారు. తవిటయ్య రెండున్నరకల్లా వస్తానన్నాడు. మూడు గంటల బస్సు పోయింది. నాలుగు గంటల బస్సూ పోయింది. ఫోను లాకర్లో ఉంటుంది, మోగినా ఎత్తేవాళ్ళు లేరు. వానలో, గాలిలో, తలకు తుండు కప్పుకుని వెంకటరమణమ్మ గుమ్మంలోనే కూర్చుంది. దాదాపు అయిదింటికి తడిసి ముద్దయి వచ్చాడు. "బట్టీ కాడ ఉండిపోనాను," అన్నాడు.

"అక్కడే ఉండిపోవల్సింది," అంది చిలకమ్మ.

అదే ఆఖరి మాట. ఆ రాత్రి మాట్లాడలేదు. పొద్దున్న క్యారేజీ చేతికిచ్చినప్పుడూ మాట్లాడలేదు. బట్టీ దగ్గర ఏం పనిపడిందని అడగనైనా లేదు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని అత్త దగ్గర కూర్చుంది. కాగితం సంగతి చెప్పింది. గాలి సంగతి, రెండు గంటల సంగతి, చివర రాసిన మాటలు. అన్నీ అంకెలు అప్పజెప్పినట్టు చెప్పింది.

"అయితే సావాసగాళ్ళతో కూకోలేదన్నమాట," అంది వెంకటరమణమ్మ. "నానలగే అనుకున్నాను ఇన్నాళ్ళూ. గాలీ వానా అని ఎక్కడో కూకున్నాడనుకున్నాను. నా కళ్ళ కంటే ఆడికి కబుర్లు ఎక్కువైపోనాయనుకున్నాను."

"నానన్న మాట ఇన్నావా అత్తా, ఆవేల?"

"ఇన్నాను."

"ఎప్పుడూ అనలేదేటి నువ్వు?"

"నానన్నది నువ్వినలేదు. నువ్వు లోపలికెల్లినాక నానింకా పెద్ద మాటన్నాను." ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏటన్నానో అడక్కు."

చిలకమ్మ అడగలేదు. ముసలామె ఏడుస్తున్నంతసేపూ పక్కన కూర్చుంది. తనకూ ఇప్పుడు వస్తుందేమోనని చూసింది. రాలేదు. లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పదిహేడో బ్యాచ్‌లోని ఒక దిమ్మకు ఉక్కు తొడుగు వేయించి, పోర్టు నుంచి బొగ్గు, ఎరువులు మోసే ఒక లారీకి ఫిబ్రవరిలో బిగించారు. ఎనిమిది నెలలు తిరగాలి. నాగమణి వాళ్ళను ఆ ఎనిమిది నెలలూ మామూలు దిమ్మలు కోసే పనికి మార్చారు. పని కష్టం, ఒక్కో బల్లకు మనుషులు ఎక్కువ, అయినా ఎవరూ మానలేదు. చిలకమ్మ మెమో ఫైల్లోకి ఎక్కలేదు, అలాగని దాన్ని చింపనూ లేదు. ఉదయ్‌కుమార్ సొరుగులో ఉండిపోయింది. మార్చిలో చిలకమ్మ సెలవు పెట్టి, అత్తను అనకాపల్లి తీసుకెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. పట్టీ విప్పాక ముసలామె కోడలి మొహం దగ్గరగా చూసి, "సిక్కిపోనావు," అంది, అంతే.

అక్టోబరులో ఒక గురువారం, లారీ గాజువాక ఆటోనగర్‌లోని షెడ్డుకు వచ్చిందని కబురందింది. ఇంద్రజ కారు తీసి, "మీరూ రండి," అంది. వెళ్ళేసరికి లారీ కింద మెకానిక్ బోల్టులు విప్పుతున్నాడు. డ్రైవరు చలమయ్య యారాడ మనిషి, చేపల వేట మానేసి స్టీరింగ్ పట్టి పాతికేళ్ళయింది. లుంగీ ఎగ్గట్టుకుని టైరు పక్కన టీ తాగుతున్నాడు.

"బండి బాగానే లాగుతందండి," అన్నాడు అడక్కుండానే. "పాతదైతే మూడు నెలలకే మసి నిండిపోయి ఎర్ర లైటెలిగీది. కాన్వెంట్ జంక్షన్ కాడ ట్రాఫిక్కులో బండాపుకుని తన్నులు తినాల. దీనికి ఒక్కసారీ ఎలగలేదు."

ఉక్కు తొడుగు కోసి దిమ్మను బయటికి తీశారు. ఇంద్రజ మొహం మొదట పాలిపోయింది. దిమ్మ చుట్టూ, మూడోవంతు ఎత్తులో, ఉంగరంలా పగులు ఉంది. ఆమె దాన్ని నెమ్మదిగా తిరగేసింది. పొగ లోపలికొచ్చే వైపు నల్లగా ఉంది. బయటికి పోయే వైపు తెల్లగా, కాల్చిన రోజున ఉన్నట్టే ఉంది. ఒక్క గదిలోంచి కూడా మసి దాటలేదు.

"పట్టుకోండి," అని చిలకమ్మకు ఇచ్చింది. చిలకమ్మ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. పగులుకు పైనున్న భాగం కిందిభాగాన్ని వదల్లేదు. బరువు లేదు. అంత పెద్ద దిమ్మ చంటిబిడ్డంత కూడా లేదు.

చలమయ్య దగ్గరికొచ్చి వంగి చూశాడు. "పగిలిపోనాదే. పగిలీ పని సేసిందా? ఎవలు సేసినారండి ఇది?"

ఇంద్రజ చిలకమ్మ వైపు చూసింది.

"మా ఆయన కాల్చినాడు," అంది చిలకమ్మ.

"అలాగా. అయితే సెప్పండమ్మా ఆయనకి. బాగా కాల్చినాడని, పోర్టు బండి డ్రైవరన్నాడని సెప్పండి."

"సెప్తాను," అంది చిలకమ్మ.

దిమ్మను పాత దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టారు. దారిలో చిలకమ్మ కిటికీకి తలానించి నిద్రపోయింది. కూర్చున్న చోట నిద్రపట్టడం ఆమెకు చాలా రోజుల తర్వాత.

ఆ తర్వాతివి ఆఫీసు సంగతులు. దిమ్మ ఫోటోలు కొనేవాళ్ళకు వెళ్ళాయి. రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి పీచు రకానికి వేరే పరీక్ష పెట్టారు. గీత జారినా యంత్రం ఆపకూడదు, పది నిమిషాలు నడవాలి, తోక ఎంత పొడవుందో కూడా రాయాలి. బట్టీ చల్లార్చే సమయం రెండు గంటలు పెంచారు. ఆ కొత్త కాగితం మీద ఉదయ్‌కుమార్ సంతకం ఉంది, ఇంద్రజ సంతకం ఉంది. ఇంకెవరి పేరూ లేదు. కాగితం అంటించిన రోజు ఉదయ్‌కుమార్ చిలకమ్మ బల్ల దగ్గరికొచ్చి, సొరుగులోంచి తెచ్చిన పాత మెమోను ఆమె ముందే చింపి బుట్టలో వేసి వెళ్ళిపోయాడు. నాగమణి వాళ్ళు తిరిగి పీచు దిమ్మల దగ్గరికెళ్ళారు. చిలకమ్మ ఇప్పుడు రోజుకు అరవై విరవడం లేదు. ఇరవై రెండు వంచుతోంది.

కానీ చెప్పవలసింది ఆ గురువారం సాయంత్రం సంగతి. ఇల్లు చేరేసరికి అయిదయింది. వెంకటరమణమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చిలకమ్మ చెప్పులు విప్పి, పక్కన చతికిలబడి, షెడ్డులో జరిగింది చెప్పింది. డ్రైవరు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

"సెప్తానన్నావా?"

"అన్నాను."

"సెప్పీ మరి."

"ఎలా సెప్పాలో తెల్దు అత్తా."

వెంకటరమణమ్మ చేట పక్కన పెట్టింది. ఆపరేషన్ అయిన కన్నుతో కోడల్ని కాసేపు చూసింది.

"నాకు సెప్పినావు కదా," అంది. "సాల్లే."

చిలకమ్మ చేట తీసుకుని, ఇంకా మిగిలిన రాళ్ళు ఏరుతూ కూర్చుంది.